రాజభక్తుడి సాక్ష్యం: విలియం డగ్‌డేల్ గ్రంథాల పరిశీలన

1

సర్ విలియం డగ్‌డేల్ పేరు మన సాహిత్య వ్యాసాలలో వినిపించదు. వినిపించకపోవడానికి కారణం కూడా సులభంగానే అర్థమవుతుంది. ఆయన కవి కాదు, నాటకకర్త కాదు. పదిహేడో శతాబ్దపు ఇంగ్లండులో రాజు కొలువులో పెద్దింటి వంశాల చిహ్నాలను, వంశవృక్షాలను పరీక్షించే ఉద్యోగి. అప్పటివాళ్ళు అలాంటి వాణ్ణి హెరాల్డ్ అనేవాళ్ళు. రాజు తల తెగిన దేశంలో చివరిదాకా రాజభక్తుడుగానే బతికాడు. మఠాల దానపత్రాలు, జమీందారుల వంశావళులు, సమాధుల మీది రాతలు పోగుచేసి పెద్ద పెద్ద సంపుటాలు అచ్చు వేశాడు. ఇలాంటి వాడితో అభ్యుదయ రచయితలకు పనేమిటి?

ఈ ప్రశ్నకు రెండు రకాల సమాధానాలు మనవాళ్ళ దగ్గర సిద్ధంగా ఉంటాయి. ఒకటి, పండితుల సమాధానం: పరిశోధనకు పక్షం ఉండదు, ఆధారాలు సేకరించినవాడు ఏ వర్గం వాడైతేనేం, సేకరణ ముఖ్యం అంటారు. రెండవది, మనలో కొందరు తొందరపడి చెప్పే సమాధానం: భూస్వామ్య వర్గపు సేవకుడు రాసింది భూస్వామ్య సాహిత్యమే, దాన్ని చదవడం కాలహరణం అంటారు. రెండూ పొరపాటే. అయితే ఎందుకు పొరపాటో చెప్పాలంటే డగ్‌డేల్ పుస్తకాల లోపలికి వెళ్ళాలి. పేరు చూసి తీర్పు చెప్పడం విమర్శ కాదు గనక, ఆ పుస్తకాలలో ఏముందో, ఎవరి కోసం ఉందో, రచయిత ఉద్దేశించకుండానే మరేం నిలిచిపోయిందో ఈ వ్యాసంలో చూద్దాం.

2

డగ్‌డేల్ 1605లో వారిక్‌షైర్ కౌంటీలోని షుస్టోక్‌లో పుట్టాడు. తండ్రి ఆక్స్‌ఫర్డ్‌లో ఒక కళాశాలకు ఖజానా అధికారిగా పనిచేసి, తర్వాత ఆ ఊళ్ళో స్థిరపడ్డవాడు. కొడుకు కవెంట్రీ పాఠశాలలో చదివాడు గాని విశ్వవిద్యాలయానికి వెళ్ళలేదు. పద్దెనిమిదేళ్ళు నిండకుండానే పెళ్ళయింది. 1625లో బ్లైత్ అనే చిన్న ఎస్టేటు కొనుక్కున్నాడు. అంటే ఆయన పెద్ద ప్రభువు కాదు. పెద్ద ప్రభువుల పంక్తిలో చివర కూర్చోగలిగిన చిన్న భూస్వామి. ఆ వర్గం వాడికి తన హక్కు గురించి, తన వంశం గురించి, పాత కాగితం గురించి ఎంత పట్టింపు ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు.

ఇరుగుపొరుగు పెద్దమనుషుల పెట్టెలలోని పాత పత్రాలు చదవడంతో ఆయన పని మొదలైంది. వారిక్‌షైర్ చరిత్ర కోసం అప్పటికే పత్రాలు కూడబెడుతున్న సర్ సైమన్ ఆర్చర్ పరిచయమయ్యాడు. తర్వాత లండన్‌లో సర్ హెన్రీ స్పెల్మన్ వంటి పండితుల పరిచయం, క్రిస్టఫర్ హాటన్ ప్రాపకం లభించాయి. ఆ ప్రాపకంతోనే 1638 ప్రాంతాన హెరాల్డుల కొలువులో అడుగు పెట్టాడు. 1642లో అంతర్యుద్ధం వచ్చింది. రాజు పక్షాన కోటలను లొంగిపొమ్మని చాటే పని ఆయన మీద పడింది. ఎడ్జ్‌హిల్ యుద్ధం నాడు అక్కడ ఉన్నాడు. 1646 వరకూ రాజు స్థావరమైన ఆక్స్‌ఫర్డ్‌లో గడిపాడు. ఆ పట్టణం పార్లమెంటు సైన్యానికి లొంగిపోయాక 168 పౌండ్లు జరిమానా కట్టి ఎస్టేటు విడిపించుకున్నాడు. 1660లో రాచరికం తిరిగి వచ్చింది, ఆయన దశ కూడా తిరిగింది. 1677లో హెరాల్డులందరికీ పెద్ద అయిన గార్టర్ పదవి, దానితో పాటు సర్ బిరుదు వచ్చాయి. 1686లో బ్లైత్‌లో చనిపోయాడు.

ఈ జీవితంలో గమనించవలసినది ఒకటుంది. ఆయన ముఖ్య గ్రంథాలు చాలా వరకు ఓడిపోయిన కాలంలో వచ్చినవి. 'మొనాస్టికాన్' మొదటి సంపుటం 1655లో, వారిక్‌షైర్ చరిత్ర 1656లో, సెయింట్ పాల్స్ చర్చి చరిత్ర 1658లో వచ్చాయి. మూడూ రాజు లేని ఇంగ్లండులో అచ్చయినవే. రాజకీయంగా చేయడానికి ఏమీ మిగలని వర్గం తన గతాన్ని అచ్చు వేసుకుంది. ఈ పుస్తకాలను పండితుడి వ్యసనంగా చూస్తే ఈ సంగతి మన కంటికి ఆనదు.

3

'మొనాస్టికాన్ ఆంగ్లికానమ్' మూడు సంపుటాలు 1655లో, 1661లో, 1673లో వెలువడ్డాయి. ఇంగ్లండులోని మఠాల స్థాపన పత్రాలు, దానపత్రాలు లాటిన్ మూలాలతో సహా అందులో ఉన్నాయి. ఈ మఠాలన్నిటినీ ఎనిమిదో హెన్రీ 1536–1540 మధ్య రద్దు చేశాడు. భూములు రాజుకు చేరాయి. రాజు వాటిని అమ్మాడు, పంచాడు. కొన్నవాళ్ళు ఎవరు? కొలువు ఉద్యోగులు, వర్తకులు, పెద్ద రైతులు, కౌంటీ పెద్దమనుషులు. మార్క్స్ 'పెట్టుబడి' మొదటి సంపుటంలో ఆదిమ సంచయనాన్ని వివరిస్తూ మఠాల రద్దును ఒక ముఖ్య ఘట్టంగా చెప్పడం మన పాఠకులకు తెలుసు. మఠాల భూముల మీద బతికిన కౌలుదార్లు, సేవకులు ఆ దెబ్బతో వీధిన పడ్డారు.

మఠాల భూమి కొన్నవాళ్ళ మనుమల కాలంలో ఈ గ్రంథం వచ్చింది. అందుచేత దానికి రెండు రకాల గిరాకీ ఏర్పడింది. ఒకటి భావుకమైనది: పోయిన ప్రాచీన ధర్మం మీద బెంగ. ఇది పాత మతాన్ని మళ్ళీ తేవడానికి వేసిన ఎత్తు అని ప్యూరిటన్లు అనుమానించారు కూడా. రెండవది పచ్చి వ్యవహారం: భూమి తగాదాలలో ఈ దానపత్రాలు సాక్ష్యంగా పనికివచ్చాయి. ఫలానా పొలానికి దశమభాగం పన్ను ఉందా లేదా, ఫలానా ఉమ్మడి బీడు మీద హక్కు ఎవరిది అన్న దావాలలో మఠం పత్రం నిర్ణయాత్మకం కావచ్చు. న్యాయవాదులు ఈ గ్రంథం కోసం చేయి చాచారంటే అది లాటిన్ మీద మోజుతో కాదు.

ఈ గ్రంథకర్తృత్వం సంగతి కూడా చెప్పాలి. మొదటి రెండు సంపుటాలకు కావలసిన సామగ్రిలో పెద్ద భాగం యార్క్‌షైర్ వాడైన రోజర్ డాడ్స్‌వర్త్ జీవితమంతా ధారపోసి సేకరించినది. ఆయన 1654లో, అచ్చు బయటికి రాకముందే చనిపోయాడు. ముఖపత్రం మీద ఇద్దరి పేర్లూ ఉన్నాయి. లోకంలో మిగిలింది మాత్రం డగ్‌డేల్ పేరు. డాడ్స్‌వర్త్‌ను పోషించినవాడు సర్ థామస్ ఫెయిర్‌ఫాక్స్, అంటే పార్లమెంటు సైన్యాధిపతి. 1646లో ఆక్స్‌ఫర్డ్ గోడల లోపల డగ్‌డేల్ ఉంటే, గోడల బయట ముట్టడి వేసి కూర్చున్నవాడు ఫెయిర్‌ఫాక్స్. డాడ్స్‌వర్త్ రాతప్రతులు దాదాపు 160 సంపుటాలు ఆయన ద్వారానే ఆక్స్‌ఫర్డ్‌లోని బాడ్లియన్ గ్రంథాలయానికి చేరాయి. రాజకీయంలో కత్తులు దూసుకున్న రెండు పక్షాలూ పాత భూమి పత్రాల దగ్గరికి వచ్చేసరికి ఒకే బల్ల దగ్గర కూర్చున్నాయి. ఎందుకు కూర్చున్నాయో ఆరవ భాగంలో మళ్ళీ చూస్తాం.

ఇక ఆ పత్రాలలో ఏముంది? దాతల భక్తి ఉంది, ఆత్మశాంతి కోసం ప్రార్థన ఉంది. వాటి మధ్యనే భూమి కొలతలు, మిల్లులు, చేపల మడుగులు, అడవి హక్కులు ఉన్నాయి. కొన్ని పత్రాలలో భూమితో పాటు ఆ భూమికి కట్టుబడిన రైతులను, వాళ్ళ సంతానంతో సహా, మఠానికి ధారపోసిన మాటలున్నాయి. భక్తిని చాటడానికి అచ్చువేసిన పుస్తకంలో మనుషులను దానం చేసిన పత్రం కూడా అచ్చయింది. డగ్‌డేల్ దాన్ని దాచలేదు. దాచాలన్న ఆలోచనే ఆయనకు రాలేదు, ఎందుకంటే అందులో సిగ్గుపడవలసినది ఉందని ఆయన అనుకోలేదు. మనకు ఉపయోగపడేది ఆ నిస్సంకోచమే.

4

1656లో వచ్చిన 'వారిక్‌షైర్ ప్రాచీన విశేషాలు' ఆయన గ్రంథాలలో ఉత్తమమైనదని చరిత్రకారులు ఒప్పుకుంటారు. ఇంగ్లండులో కౌంటీ చరిత్రలు రాసేవాళ్ళకు అది తర్వాత చాలా కాలం నమూనా అయింది. పద్ధతి ఇది: కౌంటీని హండ్రెడ్లు అనే పాత విభాగాలుగా తీసుకుని, నదుల వెంట నడుస్తూ ఒక్కొక్క ఊరు చెప్పుకుపోతాడు. ఊరి పేరు, దాన్ని ఏలిన వంశం, అది చేతులు మారిన తీరు, చర్చి, అందులోని సమాధులు, కిటికీ అద్దాల మీది వంశచిహ్నాలు వరసగా వస్తాయి. ప్రతి మాటకూ పక్కన ఆధారం ఉంటుంది. రాజుగారి దస్తావేజుల్లో ఏ చుట్ట, ఎవరి ఇంటి పెట్టెలో ఏ పత్రం అని చూపుతాడు. విన్నమాటకు, చూసిన పత్రానికి తేడా పాటించడం ఆ కాలానికి చిన్న విషయం కాదు.

కాని ఊరంటే ఎవరు? డగ్‌డేల్ దృష్టిలో ఊరంటే ఊరి యజమాని. దున్నేవాడు, నేసేవాడు, గొర్రెలు కాసేవాడు ఆ పుటలలో మనుషులుగా కనిపించరు. ఊరి చరిత్ర అంటే హక్కు తండ్రి నుంచి కొడుక్కి, కొడుకు లేకపోతే అల్లుడికి, అల్లుడి నుంచి కొనుగోలుదారుడికి మారిన చరిత్ర. గ్రంథం కౌంటీ పెద్దమనుషులకు అంకితమైంది. వాళ్ళకు కావలసిన అద్దం ఆయన పట్టాడు.

అయితే ఆ అద్దంలోనే ఒక మరక ఉంది. వారిక్‌షైర్ దక్షిణ భాగంలో ఆయన నడిచిన దారిలో కొన్ని ఊళ్ళు లేవు. పేరుంది, పత్రాలలో ఇళ్ళ లెక్క ఉంది, నేల మీద మాత్రం గొర్రెల మేత. పదిహేనో శతాబ్దంలోనే భూస్వాములు ఉన్ని లాభం కోసం సాగు భూములకు కంచెలు వేసి జనాన్ని వెళ్ళగొట్టారు. వారిక్ దగ్గర ఉండిన జాన్ రౌస్ అనే మతాచార్యుడు 1459లోనే కవెంట్రీలో కూడిన పార్లమెంటుకు దీనిపై అర్జీ పెట్టుకున్నాడు. తన జిల్లాలో పాడుబడ్డ దాదాపు 60 ఊళ్ళ పేర్లు రాసిపెట్టాడు. డగ్‌డేల్ ఈ రౌస్‌ను తన గ్రంథంలోకి తెచ్చాడు. ఫలానా చోట ఊరుండేది, ఫలానా వారి కాలంలో నిర్జనమైంది అని తన యజమానుల ముందే నమోదు చేశాడు, నిరసన కూడా తెలిపాడు.

ఈ నిరసనను చూసి ఆయన్ను ప్రజాపక్షం వాడిగా లెక్క వేయకూడదు. ఊరు పోతే చర్చి పోతుంది, చర్చి పోతే వంశాల సమాధులు పోతాయి, రాజుకు సైనికులు తగ్గుతారు. ఆయన బాధ అది. పాత భూస్వామ్యం కొత్త లాభార్జనను చూసి పడిన బాధ. కాని బాధ ఎవరిదైనా, నమోదైన వాస్తవం మాత్రం మనది. తర్వాతి కాలంలో అంతరించిన గ్రామాలను వెతికిన చరిత్రకారులకు డగ్‌డేల్ పుటలు దారి చూపాయి.

సాహిత్య విద్యార్థులకు ఈ గ్రంథంలో మరో చిన్న విశేషముంది. స్ట్రాట్‌ఫర్డ్ చర్చిలోని షేక్‌స్పియర్ స్మారక శిల్పపు బొమ్మ మొదటిసారి అచ్చయింది ఇందులోనే. ఇవాళ ఆ శిల్పంలో కవి చేతిలో కలం ఉంది. డగ్‌డేల్ బొమ్మలో కలం లేదు, చేతులు మెత్త మీద ఆనించి ఉన్నాయి. ఈ తేడా పట్టుకుని షేక్‌స్పియర్ అసలు రచయితే కాదని వాదించినవాళ్ళు ఉన్నారు. ఒక ప్రాంత చరిత్రలోని తొందర బొమ్మ మీద ఇంత మేడ కట్టడం ఆధారాలను ఎలా చదవకూడదో చెప్పే మంచి ఉదాహరణ. అదే గ్రంథం ఆ స్మారకం ఊరివాడైన కవిదేనని చెబుతున్న సంగతి వాళ్ళు వదిలేశారు.

5

1641లో, యుద్ధం తప్పదని తేలుతున్నప్పుడు, హాటన్ ప్రోత్సాహంతో డగ్‌డేల్ ఒక చిత్రకారుణ్ణి వెంటబెట్టుకుని చర్చిలు తిరిగాడు. ఆ చిత్రకారుడి పేరు విలియం సెజ్‌విక్. సమాధులు, శిలాఫలకాలు, అద్దాల చిహ్నాలు కూలిపోకముందే బొమ్మలు గీయించడం ఆ ప్రయాణం ఉద్దేశం. భయపడినట్టే వాటిలో చాలా వరకు యుద్ధంలో ధ్వంసమయ్యాయి. తర్వాత 1658లో లండన్ సెయింట్ పాల్స్ చర్చి చరిత్ర వచ్చింది. ప్రాగ్ నగరం నుంచి వచ్చిన వెన్సెస్లాస్ హాలర్ అందులో రాగి రేకుల మీద చెక్కిన బొమ్మలు ఉన్నాయి. ఎనిమిదేళ్ళకు, 1666లో, లండన్ మహాగ్నికి ఆ చర్చి కాలిపోయింది. పాత సెయింట్ పాల్స్ లోపల ఎలా ఉండేదో ఇవాళ మనం ఊహించుకోగలుగుతున్నామంటే ఆ పుస్తకమే కారణం. ఆ నిప్పే అదే ఏడు అచ్చయిన ఆయన న్యాయవ్యవస్థ చరిత్ర ప్రతులను కూడా చాలా వరకు మింగింది.

ఇక్కడ ఆయన కృషిని మెచ్చుకోవడానికి మనం వెనుకాడనక్కర్లేదు. చర్చి కట్టినవాడు ప్రభువు అయినా రాయి చెక్కినవాడు శ్రామికుడు. ఆ శ్రమ రూపాన్ని కాపాడినవాడికి కృతజ్ఞత చెప్పాలి. అయితే కృతజ్ఞత పంచేటప్పుడు వాటాలు సరిగా వేయాలి. సెజ్‌విక్ పేరు పండితులకు తప్ప తెలియదు. హాలర్ గంటల లెక్కన కూలికి చెక్కేవాడని ప్రసిద్ధి. అంత పని చేసిన మనిషి 1677లో పేదరికంలో పోయాడు. అదే ఏడు డగ్‌డేల్‌కు సర్ బిరుదు వచ్చింది.

6

ఆయన గ్రంథాలలో మనం అన్నిటికన్నా జాగ్రత్తగా చదవవలసినది 1662లో వచ్చిన 'చిత్తడి నేలల కట్టలు, మురుగు కాలువల చరిత్ర'. విషయం చూస్తే పొడిగా ఉంటుంది. దాని వెనక ఉన్న కథ మాత్రం అలాంటిది కాదు.

తూర్పు ఇంగ్లండులో ఫెన్స్ అనే విశాలమైన చిత్తడి ప్రాంతం ఉండేది. శీతకాలం నీళ్ళు నిండేవి, వేసవిలో పచ్చిక మొలిచేది. అక్కడి పేదలు చేపలు పట్టి, నీటి పక్షులు కొట్టి, రెల్లు కోసి, పొయ్యిలోకి పీట్ మట్టి తవ్వుకుని, ఉమ్మడి పచ్చికలో పశువులు మేపుకుని బతికేవాళ్ళు. 1630 ప్రాంతాన బెడ్‌ఫర్డ్ ప్రభువు, ఆయనతో చేరిన పెట్టుబడి భాగస్వాములు ఆ నేల ఎండగట్టడానికి ఒప్పందం చేసుకున్నారు. ప్రతిఫలం 95,000 ఎకరాలు. డచ్చి ఇంజనీరు వెర్మైడెన్ కాలువలు తవ్వించాడు. ఉమ్మడి హక్కులు పోయిన జనం గట్లు తెగ్గొట్టారు, కాలువలు పూడ్చారు. ఉత్తరాన ఆక్సోమ్ ద్వీపం అనే చోట ఈ తిరుగుబాటు 1620ల చివరి నుంచి దశాబ్దాల పాటు నడిచింది. అంతర్యుద్ధ కాలంలో అక్కడి జనం తూములు పెరికి, సాగుచేసిన భూముల మీదికి నీళ్ళు వదిలి, తుపాకులు పట్టి కాపలా కాశారు. లెవెలర్ల నాయకుడు జాన్ లిల్‌బర్న్ వాళ్ళ పక్షాన నిలబడ్డాడు.

ఈ సంగతులు డగ్‌డేల్ గ్రంథంలో ఉన్నాయి. ఎలా ఉన్నాయి? అల్లరిమూకల దౌర్జన్యంగా ఉన్నాయి. బెడ్‌ఫర్డ్ లెవెల్ పనులకు పర్యవేక్షకుడైన గోర్జెస్ ప్రభువు ప్రోత్సాహంతో ఈ పుస్తకం తయారైంది. 1657లో డగ్‌డేల్ స్వయంగా ఆ ప్రాంతం తిరిగి చూశాడు. నేల ఎండగట్టడం ప్రాచీన కాలం నుంచి రాజులు, చట్టాలు ఆమోదించిన ఉత్తమ కార్యమని పత్రాల మీద పత్రాలు పేర్చి నిరూపించడం ఆయన పని. మరుసటి ఏడే, 1663లో, కంపెనీకి శాశ్వత చట్టబద్ధత ఇచ్చే శాసనం వచ్చింది. పుస్తకానికీ శాసనానికీ మధ్య ఎంత దూరముందో పాఠకులే చూసుకోవచ్చు.

మూడో భాగంలో వదిలిన ప్రశ్నకు జవాబు ఇక్కడ దొరుకుతుంది. ఈ ప్రాజెక్టును మొదట నడిపించింది రాజు కాలపు ప్రభువులు. 1649లో, రాజు తల తీసిన సంవత్సరంలోనే, దాన్ని మళ్ళీ బతికించింది పార్లమెంటు చట్టం. అంతకుముందు ఫెన్స్ పేదల పక్షం మాట్లాడతాడని పేరుపడిన క్రామ్‌వెల్ అధికారంలోకి వచ్చాక కంపెనీ కాలువల రక్షణకు సైన్యాన్ని పంపాడు. డన్‌బార్ యుద్ధంలో పట్టుబడ్డ స్కాట్లండు ఖైదీలతో, తర్వాత డచ్చి ఖైదీలతో కాలువలు తవ్వించారు. 1660లో రాజు తిరిగి వచ్చాక రాజభక్తుడైన డగ్‌డేల్ అదే పనికి చరిత్ర రాశాడు. జెండాలు మారాయి గాని గట్లు అవే, ఎకరాలు అవే. భూమి ఎవరిదన్న ప్రశ్న వచ్చినప్పుడు రాజపక్షమూ పార్లమెంటు పక్షమూ ఎక్కడ కలుస్తాయో ఈ ఒక్క పుస్తకం చూపుతుంది.

మన పండిత మిత్రులు ఈ పుస్తకం ముందు ఆగి ఆలోచించాలి. ఇందులో డగ్‌డేల్ అబద్ధం రాయలేదు. ఆయన చూపిన పత్రాలు నిజమైనవి. కాని పత్రం ఎవరి దగ్గర ఉంటుంది? చేపలు పట్టుకునే హక్కుకు తాతల నాటి అలవాటే ఆధారం, దానికి రాజముద్ర లేదు. పత్రం ఉన్నవాడిదే చరిత్ర అన్న పద్ధతిని పాటిస్తే, ఒక్క అబద్ధమూ ఆడకుండానే ఒక జనసమూహం హక్కును చరిత్ర నుంచి తుడిచివేయవచ్చు. ఆధారాలకు పక్షం లేదన్న మాట ఇక్కడ నిలవదు.

తొందర మిత్రులు కూడా ఆగాలి. ఆ మత్స్యకారులు, పశువుల కాపరులు తమ చరిత్ర తాము రాసుకోలేకపోయారు. వాళ్ళు ఏ తూము పెరికారో, ఎక్కడ నిలబడ్డారో, ఎవరు వాళ్ళకు తోడు వచ్చారో మనకు తెలియజేసే పుటలలో కొన్ని శత్రుపక్షం రాసినవి. దావాలోని ఫిర్యాదునే పోరాటపు సాక్ష్యంగా చదవడం మనం నేర్చుకోవాలి. శత్రువు నిందలో ఎంత వివరం ఉంటే పోరాటం అంత గట్టిదన్నమాట.

7

1888లో మార్గరెట్ హార్క్‌నెస్‌కు రాసిన లేఖలో ఎంగెల్స్ బాల్జాక్ గురించి చెప్పిన మాటను మనం తరచు ఉదహరిస్తాం. రాచరిక పక్షపాతి అయిన బాల్జాక్ తన ఇష్టాయిష్టాలకు విరుద్ధంగా తన వర్గపు పతనాన్ని చిత్రించాడన్నది దాని సారాంశం. డగ్‌డేల్‌ను కూడా అలాగే సమర్థించవచ్చా? నా అభిప్రాయంలో సమర్థించకూడదు. బాల్జాక్ మనుషులను చూశాడు. మనుషుల మధ్య సంబంధాలను చూసినవాడు గనక సత్యం అతని చేయి పట్టి నడిపింది. డగ్‌డేల్ పత్రాన్ని చూశాడు. పత్రం చెప్పినంత మేరకే ఆయన సత్యవాది. పత్రం ఆగిన చోట మిగిలేది ఆయన వర్గమే.

దీనికి రుజువు 1681లో పేరు వేయకుండా ప్రచురించిన 'ఇటీవలి కల్లోలాల సంగ్రహ వృత్తాంతం'. అంతర్యుద్ధం గురించి రాసిన ఈ పుస్తకంలో ఆయన స్వరం మారిపోతుంది. ఇరవై ఏళ్ళపాటు ఇంగ్లండును కుదిపివేసిన ఉద్యమానికి ఆయన చూపిన కారణం కుట్ర. ఫ్రాన్సులో మతం పేరుతో రాజుపై తిరగబడిన 'పవిత్ర కూటమి'తో దాన్ని పోల్చి, పాత తిరుగుబాటునే కొత్తవాళ్ళు నకలు కొట్టారన్నాడు. పన్నులు, భూమి, వర్తకం, సైన్యంలో సామాన్యుడు అడిగిన ఓటు హక్కు ఇవేవీ కారణాలుగా ఆయనకు తోచలేదు. వారిక్‌షైర్‌లో ఒక్క ఊరి పొలం చేతులు మారిన తీరును నాలుగు పత్రాలతో నిరూపించినవాడు, ఒక దేశం తలకిందులైన తీరును కుట్ర అనే ఒక్క మాటతో సరిపెట్టుకున్నాడు. పుస్తకం వచ్చిన సమయం కూడా చూడాలి. రాజు తమ్ముడికి సింహాసనం దక్కకూడదని పార్లమెంటులో పోరు నడుస్తున్న రోజులవి. అలనాటి విప్లవాన్ని గుర్తుచేసి భయపెట్టడం పాలకవర్గాలకు అవసరమైంది.

8

డగ్‌డేల్ చుట్టూ తిరిగిన ఇద్దరి సంగతి చెప్పకపోతే ఈ పరిశీలన పూర్తికాదు.

1660 తర్వాత ఆయన ఉత్తర కౌంటీలలో విజిటేషన్లు జరిపాడు. ఊరూరా తిరిగి, ఎవరు పెద్దింటివారు, ఎవరు కారు అని తేల్చి, అధికారం లేకుండా వంశచిహ్నాలు పెట్టుకున్నవాళ్ళ పేర్లు బహిరంగంగా చాటించేవాడు. చెస్టర్ పట్టణంలో రాండల్ హోమ్ అనే చిత్రకారుడు అనుమతి లేకుండా పెద్దల అంత్యక్రియలకు చిహ్నాలు రాస్తున్నాడని దావా వేసి గెలిచాడు. ఆ హోమ్ తర్వాత 1688లో ఒక పుస్తకం అచ్చు వేశాడు. పేరుకు అది వంశచిహ్నాల శాస్త్రం. చిహ్నాలలో ఏ వస్తువైనా రావచ్చు గనక, ఆ సాకుతో వడ్రంగి, చెప్పులు కుట్టేవాడు, తాపీ పనివాడు, అచ్చు పనివాడు వాడే పనిముట్ల పేర్లన్నీ బొమ్మలతో సహా ఎక్కించాడు. పదిహేడో శతాబ్దపు వృత్తుల భాష తెలుసుకోవాలంటే ఇవాళ పండితులు ఆ పుస్తకం తెరుస్తారు. శిక్షపడ్డ చేతివృత్తివాడు, శిక్ష వేయించిన పండితుడు విడిచిపెట్టిన లోకాన్ని భద్రపరిచాడు.

రెండవవాడు గ్రెగరీ కింగ్. 1662లో పద్నాలుగేళ్ళ వయసులో డగ్‌డేల్ దగ్గర గుమాస్తాగా చేరి ఆ విజిటేషన్లలో ఆయన వెంట తిరిగాడు. 1690లలో ఈ కింగ్ దేశంలోని కుటుంబాలన్నిటినీ అంతస్తుల వారీగా అంచనా కట్టి పట్టిక వేశాడు. గురువు నేర్పిన అంతస్తుల క్రమమే, ప్రభువులతో మొదలవుతుంది. కాని గురువు ఆగిన చోట శిష్యుడు ఆగలేదు. కూలీల కుటుంబాలు 3,64,000. గుడిసెవాసులు, నిరుపేదల కుటుంబాలు 4,00,000 అని కిందిదాకా లెక్క వేశాడు. జనాభా 55 లక్షలని, అందులో సగానికి పైగా దేశ సంపదను తగ్గించేవాళ్ళని తీర్మానించాడు. సంపద పుట్టించేవాణ్ణి సంపద తగ్గించేవాడిగా లెక్కించిన ఈ తలకిందుల పద్దు పాలకవర్గ అర్థశాస్త్రానికి చక్కటి నమూనా. అయినా వాళ్ళు ఎందరో మొదటిసారి తెలిసింది ఆ పద్దు వల్లనే.

9

ఈ చర్చ మన ఇంటి గుమ్మం దాకా వస్తుంది. కల్నల్ కాలిన్ మెకంజీ దక్షిణ దేశంలో సేకరించిన కైఫీయతులు ఇదే జాతి సాహిత్యం: ఊరి పేరు, గుడి, అగ్రహారం, ఏలిన వంశాలు, ఇనాములు. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు, వాళ్ళ కింది గుమాస్తాలు ఊరూరా కరణాల కవిలెలు చూసి పోగుచేసినవి. బొర్రయ్య 1803లో చిన్న వయసులోనే పోయాడు. డాడ్స్‌వర్త్‌కు, సెజ్‌విక్‌కు జరిగినట్టే వీళ్ళ శ్రమకూ మరొకరి పేరు తగిలింది. కైఫీయతులను మనం ఊరి గొప్ప చెప్పుకోవడానికి వాడుతున్నాం, లేదా కరణాల కథలని పక్కన పెడుతున్నాం. ఇనాము ఎవరికి దక్కిందో రాసిన చోట ఆ నేలను అప్పటిదాకా దున్నినవాడు ఏమయ్యాడని అడుగుతున్నామా? 1949లో సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' రాసినప్పుడు రాజులను పొగిడిన కావ్యాలలోంచే ప్రజల తిండి, బట్ట, ఆట, పాట బయటికి తీశాడు. ఆధారం ఎవరిదైనా ప్రశ్న మనది కావాలని ఆ పుస్తకం మనకు నేర్పింది.

డగ్‌డేల్ విషయంలోనూ మన వైఖరి అదే కావాలి. ఆయన ఓపికకు, ఆధారం లేనిదే మాట చెప్పని నిష్ఠకు మనం తీసుకోవలసిన పాఠం ఉంది. మన ఉద్యమ చరిత్రలు రాసేటప్పుడు ఆ నిష్ఠ మనలో ఎంతమందికి ఉందో ఆత్మవిమర్శ చేసుకోవాలి. నినాదం ఆధారానికి బదులు కాదు. అదే సమయంలో, ఆధారం చేతికి రాగానే పని అయిపోయిందని అనుకోకూడదు. ఆ కాగితం ఎవరి పెట్టెలోంచి వచ్చింది, ఏ తగాదాలో పుట్టింది, ఎవరి నోరు నొక్కింది అని అడగాలి.

ఆక్సోమ్ పోరాటగాళ్ళకు చరిత్రకారుడు లేడు, వాళ్ళ మీద ఫిర్యాదు రాసినవాడు ఉన్నాడు. మన పల్లెలలో భూమి కోసం నిలబడ్డవాళ్ళ సంగతి కూడా రేపటివాళ్ళకు పోలీసు కాగితాల ద్వారా, కోర్టు తీర్పుల ద్వారా మాత్రమే తెలియవలసిన పరిస్థితి రాకూడదు. వాళ్ళు బతికి ఉండగానే వాళ్ళ మాట రాసిపెట్టడం రచయితల బాధ్యత. ఆ పని వాయిదా వేస్తే దాన్ని మరో డగ్‌డేల్ తన పద్ధతిలో పూర్తిచేస్తాడు.